పాడిన వరుసలో ఘంటసాల

నల్లమల అంచున ఉన్న ఆత్మకూరులో, ఉద్యోగ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయుని ఇంట మేము ఇటీవల మూడు సాయంకాలములు గడిపినాము. ఆ పెద్దలకు ఎనుబదియేండ్లు దాటినవి. వారి అటక మీద ఒక రేకు పెట్టె నిండ, నిమిషమునకు 78 చుట్లు తిరిగే పాత లక్క రికార్డులు ఉన్నవని తెలిసి చూడబోయినాము. వారు గ్రామఫోనుకు కీ ఇచ్చి, ఒక పద్యముల రికార్డుపై సూదిని ఆనించినారు. రెండు చరణములు వినబడినవో లేదో, లోపలినుండి పదేండ్ల మనుమడు పరుగున వచ్చి, "ఎవురు సచ్చిపోయినారు తాతా?" అని అడిగినాడు.

ఆ ప్రశ్నకు నవ్వవలెనో, బాధపడవలెనో మాకు తోచలేదు. కిందటి సంవత్సరము ఆ యింట పిల్లవాని జేజి గతించినది. ఆనాడు ఉదయమునుండి సాయంకాలము వరకు ఘంటసాల గారి భగవద్గీత మోగినది. మరణము సంభవించిన ఇంట ఆ గానమును వినిపించుట నేడు మన ఊళ్ళలో ఆచారమైనది. ఇరవై తొమ్మిదేండ్లపాటు తెలుగువారి ప్రేమను, పరిహాసమును, భక్తిని, ఉక్రోషమును పలికిన గొంతు ఆ బాలునికి చావు కబురుగా మాత్రమే తెలిసినది. తప్పు వానిది కాదు. వాడు ఆ కథను చివరి పుట నుండి చదువ మొదలుపెట్టినాడు.

"అయితే మొదటి పుట నుండి విందాము" అన్నాము మేము. పెట్టెలో ఉన్న రికార్డులను, లేనివాటికి మేము తీసుకొనిపోయిన ప్రతులను కలిపి, ఏది ముందు పాడినదో దానిని ముందు వినవలెనని నిశ్చయించుకొన్నాము.

చెప్పినంత సులువు కాలేదు. ఆ రికార్డుల నడుమ అంటించిన కాగితము మీద చిత్రము పేరు, పాడినవారి పేర్లు, సంఖ్య ఉన్నవి, సంవత్సరము లేదు. పెద్దలనడిగితే వారి వరుస వేరు. డేరా సినిమా ఏ చిత్రమును ముందు తెచ్చినదో వారికదే ముందు. వారి లెక్కలో 'దేవదాసు' తరువాతనే 'మల్లీశ్వరి' వచ్చినది! ఈ గజిబిజిలో మా వృత్తివారి పాలు కూడ లేకపోలేదు. అరగంట కార్యక్రమములో 1951 నాటి పాట ప్రక్కన 1970 నాటి పాటను కూర్చి వినిపించుట మాకు పరిపాటి. కనుక చిత్రముల విడుదల సంవత్సరములను ఆధారము చేసుకొని మొదలుపెట్టినాము.

మొదటి సాయంకాలము పాటకు ముందు కథ చెప్పవలసి వచ్చినది. ఘంటసాల వేంకటేశ్వరరావు గారు 1922 డిసెంబరు 4న కృష్ణా జిల్లా చౌటపల్లిలో జన్మించినారు. విజయనగరములో మధుకరము ఎత్తుకొని పొట్ట పోసుకొనుచు, పట్రాయని సీతారామశాస్త్రి గారి వద్ద సంగీతము నేర్చినారు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమములో పాల్గొని చెరసాల పాలైనారు. ఆ చెరసాల మన సీమకు పరాయిది కాదు. బళ్ళారిలోని అలీపురము జైలు. విడుదలైన పిదప మద్రాసు చేరి, రేడియోలో పాడినారు, చిత్రములలో బృందగానములకు గొంతు కలిపినారు.

1945 నాటి 'స్వర్గసీమ'లో భానుమతి గారితో కలిసి పాడే అవకాశము వచ్చినది. ఆ చిత్ర దర్శకులు బి. ఎన్. రెడ్డి గారు పులివెందుల ప్రాంతపువారు. 1951లో 'మల్లీశ్వరి'ని తీసినది వారే. అదే యేట 'పాతాళభైరవి'ని, 1957లో 'మాయాబజారు'ను తీసిన కె. వి. రెడ్డి గారిది తాడిపత్రి. ఈ మాట చెప్పగానే పెద్దలు కుర్చీలో నిటారుగా కూర్చొన్నారు. కృష్ణాతీరపు గొంతును లోకమునకు వినిపించినవారిలో రాయలసీమవారు ఇందరు ఉన్నారని వరుసగా విన్నప్పుడే తెలిసినదన్నారు.

రెండవ సాయంకాలము మరియొక చిక్కు ఎదురైనది. విడుదలైన వరుస, పాడిన వరుస ఒకటి కావు. 'దేవదాసు' విడుదలైనది 1953లో, కర్నూలు ఆంధ్ర రాష్ట్రమునకు రాజధాని అయిన యేట. కాని దాని సంగీత దర్శకులు సి. ఆర్. సుబ్బరామన్ గారు 1952లోనే కన్నుమూసినారు. ఆయన కట్టిన బాణీలన్నియు అంతకు పూర్వపువే కావలెను గదా! 'లవకుశ' మరింత విచిత్రము. కడపలో ఆకాశవాణి కేంద్రము వెలసిన 1963లోనే ఆ చిత్రము తెరకెక్కినది. కాని దాని నిర్మాణము డబ్బు చిక్కులవలన ఏండ్ల తరబడి సాగినది. అందుచేత విడుదల సంవత్సరమును మాత్రమే నమ్మి ఒక గొంతు వయస్సు లెక్కకట్టిన పొరబడుదుము.

ఇట్లు సరిచూచుకొనుచు వినగా కొన్ని సంగతులు స్పష్టమైనవి. లక్క రికార్డు ఒక ప్రక్కన మూడు నిమిషములకు మించి పట్టదు. రంగస్థలముపై సుదీర్ఘమైన రాగాలాపనతో సాగిన తెలుగు పద్యమును ఆయన ఆ మూడు నిమిషములకు కుదించినారు. కుదించియు పేదను చేయలేదు. రాగమును మాటకు వెనుక నిలిపి, అర్థమును ముందుకు తెచ్చినారు. కరుణశ్రీ గారి పద్యముల రికార్డులు చదువురాని ఇండ్లలో సైతము కన్నీరు పెట్టించుటకు కారణమిదే. సంగీత దర్శకునిగా ఆయన చేతిని 'మనదేశము' (1949) మొదలు వరుసగా విన్నచో, పరుల బాణీలు పాడి నేర్చినది తన బాణీలలో ఎట్లు తేలినదో తెలియును. 'మాయాబజారు'లో కొన్ని పాటలకు రాజేశ్వరరావు గారు బాణీలు కట్టి తప్పుకొనగా, మిగిలిన పని ఘంటసాల గారు పూర్తి చేసినారు. 'జగదేకవీరుని కథ' (1961)లోని దర్బారీ కానడ పాటకు పెండ్యాల గారి బాణీ. దానిని మోసిన ఊపిరి మాత్రము విజయనగరములో సంపాదించినది.

మూడవ సాయంకాలము గొంతు బరువెక్కినది. 1970 దరిదాపులలోని పాటలలో ఊపిరి కురుచయైన చోట్లు వినబడినవి. అప్పటికి ఆయన ఆరోగ్యము చెడినది. ఒంటరిగా విన్నచో ఆ లోపములను లోపములనియే అనుకొనెదము. ముందటి పాతికేండ్లు విని వచ్చినవారికి అవి శ్రమచిహ్నములుగా తోచును.

చివరకు భగవద్గీత. దీర్ఘకాలము తిరిగే పెద్ద రికార్డులు వచ్చినందుననే వందకు పైగా శ్లోకములు, వాటి తాత్పర్యము ఒకచోట ఇమిడినవి. 1974 ఫిబ్రవరి 11న ఆయన కన్నుమూసిన పిదపనే అది లోకమునకు అందినది. దానిని వినిపించుటకు మేము సంకోచించినాము. పెద్దలే "పెట్టండి" అన్నారు. పిల్లవాడు ఈసారి పరుగెత్తలేదు. కొంతసేపు విని, "ఇది పాడేటప్పుడు ఆయనకు ఎన్నేండ్లు తాతా?" అన్నాడు.

"యాబై ఒకటికే పోయినాడు నాయనా" అన్నారు పెద్దలు. కొంత తడవు ఆగి, "మీ జేజికి మల్లీశ్వరి పాటలంటే ప్రాణము. రేపు అవి మళ్ళీ పెడదాము" అన్నారు.

మేము బయలుదేరునప్పటికి పిల్లవాడు పెన్సిలుతో రికార్డుల కాగితపు సంచుల మీద సంవత్సరములు వేయుచుండినాడు. 'దేవదాసు' మీద 1953 అని వ్రాసి, కొట్టివేసి, 1952 అని వ్రాసినాడు.

శ్రోతల ఇండ్లలో ఇట్టి పెట్టెలు ఇంకను ఉండవచ్చును. వాటిని దులిపి, వరుస పెట్టి, ఇంటిలోని పెద్దలు చిన్నలు కలిసి వినవలెనని మా కోరిక. సంవత్సరము తెలిసిన పాటకు ఆ సంవత్సరము వేయండి. తెలిసినవారు ఉండగానే వేయండి.