సిగరెట్ పెట్టెలో దొరికిన ఆటగాళ్లు

1909 నుంచి 1911 దాకా అమెరికాలో కొన్ని బ్రాండ్ల సిగరెట్ పెట్టె విప్పితే లోపల చిన్న అట్టముక్క ఒకటి ఉండేది. దాదాపు ఒకటిన్నర అంగుళాల వెడల్పు, రెండున్నర అంగుళాల పైచిలుకు పొడవు. పెట్టె నలిగిపోకుండా కాయడం దాని పనుల్లో ఒకటి. ముందువైపు బేస్‌బాల్ ఆటగాడి బొమ్మ, వెనకవైపు స్వీట్ కపోరల్, పీడ్‌మాంట్ లాంటి సిగరెట్ల ప్రకటన. సిగరెట్ తాగేది పెద్దలు, బొమ్మ కోసం వెంటపడేది పిల్లలు.

అమెరికన్ టొబాకో కంపెనీ వేసిన ఆ వరసకు టి-206 అని తర్వాత పేరుపెట్టినవాడు జెఫర్సన్ బర్డిక్. కీళ్లవాతంతో బాధపడుతూనే దేశంలోని కార్డులన్నిటికీ కేటలాగు తయారుచేసి, 30 వేలకు పైగా బేస్‌బాల్ కార్డులను న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియానికి ఇచ్చేశాడు. సేకర్తలు ఈనాటికీ ఆయన పెట్టిన నంబర్లతోనే మాట్లాడుకుంటారు.

ఆ వరసలో అందరూ కోరేది హోనస్ వాగ్నర్‌ని. నారింజరంగు నేపథ్యం, నడిమి పాపిడి, చొక్కా ఛాతీ మీద ఊరిపేరు. పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టులో షార్ట్‌స్టాప్‌గా ఆడిన వాగ్నర్ ఎనిమిదిసార్లు లీగ్ బ్యాటింగ్ టైటిల్ గెలిచాడు. 1936లో హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎన్నికైన తొలి ఐదుగురిలో ఒకడు. తన బొమ్మ వేయడానికి మాత్రం ఒప్పుకోలేదు. పిల్లలు బొమ్మల ఆశతో సిగరెట్లు కొనడం ఇష్టంలేక వద్దన్నాడని కొందరంటారు, డబ్బు దగ్గర పేచీ వచ్చిందని కొందరు. ఏదైతేనేం, అచ్చు ఆగిపోయింది. మిగిలినవి అరవై లోపే అని అంచనా. 2022లో ఒకటి 72.5 లక్షల డాలర్ల రికార్డు ధరకు చేతులు మారింది.

ఆ రికార్డు అదే ఏడు ఆగస్టులో మికీ మాంటిల్ కార్డు బద్దలుకొట్టింది. ధర 1.26 కోట్ల డాలర్లు. ఇది అతని తొలి కార్డు కూడా కాదు, అది 1951లో బౌమన్ వేసింది. ఇది 1952లో బ్రూక్లిన్‌లోని టాప్స్ కంపెనీ బబుల్‌గమ్‌తో అమ్మిన 407 కార్డుల్లో 311వది. ఆఖరి విడత అంగళ్లకు చేరేసరికి ఆటల సీజన్ ముగింపుకొచ్చింది, పిల్లల ధ్యాస ఫుట్‌బాల్ మీదికి మళ్లింది. సరుకు గోదాముల్లో పేరుకుపోయింది. ఆ కార్డులను రూపొందించిన సై బెర్గర్ వాటిని కారుచౌకగా ఇస్తామన్నా కొనేవాడు దొరకలేదు. చివరికి 1960లో చెత్త పడవకెక్కించి అట్లాంటిక్‌లో పారబోయించానని ఆయనే చెప్పాడు. మాంటిల్ గొప్ప ఆటగాడు, సందేహం లేదు. ఆ ధరలో మాత్రం సముద్రానికీ వాటా ఉంది.

ధరల పట్టిక చూసి సేకర్తల ప్రేమను కొలవలేం. జాకీ రాబిన్సన్ కార్డును మూలలు అరిగినా, మధ్యలో మడతపడినా కళ్లకద్దుకునేవాళ్లున్నారు. 1947 ఏప్రిల్ 15న బ్రూక్లిన్ డాడ్జర్స్ తరఫున అతను మైదానంలో దిగాకే మేజర్ లీగుల్లో నల్లజాతివారిని ఆడనివ్వని ఆధునిక కాలపు కట్టుబాటు తెగింది. లీఫ్ కంపెనీ వేసిన అతని కార్డుకు పసుపుపచ్చ నేపథ్యం. ఆ కంపెనీ అచ్చు నాసిరకం. చాలా కార్డుల్లో రంగులు గీతలు దాటి పక్కకు జరిగిపోయి ఉంటాయి. నునుపైన కొత్త కార్డుల కంటే ఆ మోటు అచ్చులోనే అతని ముఖం నిండుగా కనిపిస్తుంది.

రాబిన్సన్ కంటే ముందు నీగ్రో లీగుల్లో వెలిగినవాళ్లను అమెరికా కార్డు కంపెనీలు దాదాపుగా పట్టించుకోలేదు. జాష్ గిబ్సన్‌నే చూడండి. ఆ లీగుల లెక్కలను 2024లో మేజర్ లీగ్ బేస్‌బాల్ తన రికార్డుల్లో కలిపాక, జీవితకాల బ్యాటింగ్ సగటులో టై కాబ్‌ను దాటి అగ్రస్థానానికి చేరాడు. 1947 జనవరిలో, రాబిన్సన్ అడుగుపెట్టడానికి మూడు నెలల ముందే గిబ్సన్ చనిపోయాడు. సేకర్తలు ప్రాణంగా చూసుకునే అతని కార్డు 1950-51లో వచ్చింది. అదీ అతను చలికాలాల్లో ఆడిన ప్యూర్టోరికోలో, టొలెటేరోస్ అనే వరసలో.