సెన్షూర్ కథ: రోమ్ నుంచి సర్వీసు రిజిస్టరు దాకా

సినిమాల పుణ్యమా అని సెన్సార్ మాట మనకు బాగా తెలుసు. దాని తోబుట్టువు సెన్షూర్ పేరు వింటే మాత్రం ప్రభుత్వోద్యోగులే ఉలిక్కిపడతారు. అభిశంసన అని మనం రాసుకునే ఈ మాటకీ, ఆ సెన్సార్‌కీ పుట్టిల్లు ఒకటే. ప్రాచీన రోమ్.

అక్కడ సెన్సార్ అంటే కత్తెర కాదు, పదవి. క్రీ.పూ. 443లో మొదలైందని చెబుతారు. ఇద్దరు సెన్సార్లు పౌరుల లెక్కలు, ఆస్తుల లెక్కలు రాసేవారు. ఎవరి పేరు ఏ వర్గం కింద ఉండాలో తేల్చేది వాళ్లే కనుక, నడవడి బాగాలేదని తోస్తే పేరు పక్కన ఒక గుర్తు పెట్టే అధికారమూ వాళ్ల చేతికొచ్చింది. జైలు లేదు, కొరడా లేదు. ఆ గుర్తు పడితే సెనేటరుకు సెనేట్‌లో చోటు పోయేది.

క్రీ.పూ. 184లో సెన్సార్ అయిన కేటో మరీ చండశాసనుడు. మనీలియస్ అనే ఆయన పట్టపగలు, కూతురి ఎదుట భార్యను ముద్దుపెట్టుకున్నాడని సెనేట్ నుంచి తీసేశాడట. తన భార్య అయితే పెద్ద ఉరుము ఉరిమినప్పుడే తనను కౌగిలించుకుంటుందని గొప్పగా చెప్పుకున్నాడని ప్లూటార్క్ రాశాడు. ఆ ఇల్లాలిని ఎవరూ అడిగినట్టు లేదు! అయితే ఈ గుర్తు శాశ్వతం కాదు, తర్వాత వచ్చిన సెన్సార్లు కొట్టేయవచ్చు. క్రీ.పూ. 115లో వెలివేతకు గురైన లిసినియస్ గెటా 108లో తానే సెన్సార్ అయి కూర్చున్నాడు.

ఇంగ్లీషులోకి సెన్షూర్ అనే మాట చర్చి విధించే శిక్షగా వచ్చింది. షేక్‌స్పియర్ నాటికి ఉత్త అభిప్రాయమనే అర్థం కూడా ఉండేది, ‘హామ్లెట్’లో అలాగే వాడాడు. ఆ మెత్తదనం తర్వాత పోయి, మందలింపే మిగిలింది.

దాని పదును తెలియాలంటే అమెరికా సెనేట్‌ను చూడాలి. ప్రభుత్వ డబ్బును జాతీయ బ్యాంకు నుంచి తరలించిన గొడవలో 1834 మార్చి 28న అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్‌ను 26-20 ఓట్లతో అభిశంసించారు. పదవికి ఏ ఢోకా రాలేదు. అయినా ఆయన మనుషులు ఊరుకోలేదు. దాదాపు మూడేళ్లు పట్టుబట్టి, 1837 జనవరిలో సెనేట్ పుస్తకం తెప్పించి, ఆ తీర్మానం చుట్టూ నల్లగీతలు గీయించి, కొట్టివేశామని దాని మీదే రాయించారు. ఉత్త మాటే అయితే అంత తంటా ఎందుకు?

1954 డిసెంబరు 2న అదే సెనేట్‌లో సెనేటర్ జోసెఫ్ మెకార్తీ మీద 67-22తో నెగ్గిన తీర్మానంలో అసలు సెన్షూర్ మాటే లేదు, ‘ఖండిస్తున్నాం’ అని ఉంది. అందుకని అది అభిశంసనే కాదని ఆయన మద్దతుదారులు వాదించారు. సెనేట్ మాత్రం దాన్ని ఆ ఖాతాలోనే రాసుకుంది. మెకార్తీ సీటు, ఓటు పోలేదు. పలుకుబడే పోయింది.

మన లోక్‌సభలో అవిశ్వాసానికి కారణం చెప్పనక్కర్లేదు, అభిశంసనకు చెప్పి తీరాలి. అభిశంసన తీర్మానాన్ని ఒక్క మంత్రి మీదైనా పెట్టవచ్చు.

ఇక ఆఫీసుల్లో క్రమశిక్షణ నియమాల చిట్టాలో చిన్న శిక్షల కింద మొట్టమొదటిది ఇదే. జీతంలో పైసా కోత పడదు. కానీ మామూలు హెచ్చరిక శిక్ష కిందికి రాదు, సెన్షూర్ వస్తుంది; సర్వీసు రిజిస్టరుకెక్కి ప్రమోషన్ల వేళ బయటపడుతుంది. అందుకే ఛార్జిమెమో అందుకున్నవాళ్లు, హెచ్చరికతో సరిపెట్టండి సార్ అని బతిమాలుకుంటారు.