.315 రైఫిలు: ఒక చవక వేటతుపాకి చరిత్ర

పెనుకొండకు సమీపాన, బెంగుళూరు–హైదరాబాదు రహదారి ప్రక్కన ఎర్రమంచి గ్రామం ఉన్నది. 2019 నుండి అక్కడ కియా కార్ల కర్మాగారం పనిచేస్తున్నందువలన ఆ పేరు దేశమంతటా తెలిసినది. అంతకు పూర్వం అది మెట్టపొలాల ఊరు. ఇప్పటికీ చుట్టుప్రక్కల వేరుసెనగ చేలున్నవి. చేల కెగువన రాతిగుట్టలు, గుట్టలలో అడవిపందులు. కాయ ఊరే దినాలలో పందులమంద ఒక చేలో పడినదంటే తెల్లవారేసరికి మిగిలేది కట్టె మాత్రమే.

ఆ ప్రాంతపు రైతు ఒకాయన, మా కళాశాల విద్యార్థి తండ్రి, కొంతకాలం క్రిందట నన్ను ఇంటికి పిలిచి, గోనెగుడ్డలో చుట్టిన పాత రైఫిలు నొకదానిని నా ముందు పెట్టాడు. "మా నాయన సంపాదించింది సార్. లైసెన్సు గడువు దగ్గరికొచ్చె. ఇది మంచి తుపాకేనా, కాదా? పెట్టుకోవల్నా, ఇచ్చేయల్నా, మీరు ఫిజిక్సు చెప్పేవాళ్లు గదా, చెప్పండి" అన్నాడు. గొట్టంపై .315 అనే అంకె, ఇషాపూరు కర్మాగారపు ముద్ర ఉన్నవి. నేను వేటగాడను కాను. అయినా ఆ అంకె నన్ను ఆకర్షించినది. 303 కాదు, 300 కాదు, ఈ 315 ఎక్కడిది?

తుపాకి పెనుకొండ సీమకు కొత్త వస్తువు కాదు. 1520లో కృష్ణదేవరాయలు రాయచూరును ముట్టడించినపుడు పోర్చుగీసు తుపాకిదారులు ఆయన పక్షాన పోరాడారు. 1565 యుద్ధం తరువాత విజయనగర ప్రభువులు పెనుకొండకు తరలివచ్చేనాటికి వత్తితుపాకి దక్షిణదేశంలో బాగా ఎరిగిన ఆయుధమే. దానిలో మందును, గుండును గొట్టం మూతినుండి పోసి, కడ్డీతో కూరి, మండే వత్తితో ముట్టించాలి. ఒకసారి ప్రేల్చి రెండవసారి సిద్ధపరచేసరికి పంది గుట్ట దాటిపోతుంది. చేను కావలికి నిన్నమొన్నటివరకు వాడిన నాటుతుపాకులు సూత్రంలో దీని సంతతివే. వత్తికి బదులు కేపు వచ్చినది, అంతే.

ఈ అవస్థను తప్పించినది మన ఇంటి తలుపుగడియ వంటి ఉపాయం. గడియను ముందుకు త్రోసి, పిడిని క్రిందికి త్రిప్పితే తలుపు బిగుసుకొంటుంది. అట్టి గడియనే గొట్టం వెనుక అమర్చి, తూటాను వెనుకనుండి పెట్టి బిగించడమే బోల్టు రైఫిలులోని కిటుకు. ప్రష్యా దేశంలో డ్రైజా అనే పనివాడు చేసిన ఇట్టి తుపాకిని ఆ సైన్యం 1841లో స్వీకరించినది. 1866లో ఆస్ట్రియాతో జరిగిన యుద్ధంలో ప్రష్యను సైనికులు నేలపై పండుకొనే తూటా మార్చుకొన్నారు. మూతినుండి మందు పోయవలసిన ఆస్ట్రియనులు నిలువక తప్పలేదు. తరువాత మౌజరు వచ్చాడు. అతని గడియ చెవులు ముందుభాగాన, తూటాకు దగ్గరగా బిగుస్తవి. స్కాట్లండులో పుట్టి కెనడాలో పెరిగి అమెరికాలో పనిచేసిన జేమ్స్ పారిస్ లీ తన గడియకు చెవులను వెనుకభాగాన అమర్చాడు. 1888లోను, మార్పులతో 1895లోను బ్రిటిషు సైన్యం స్వీకరించిన రైఫిళ్లు లీ గడియతో చేసినవే. అందులో రెండవదే ప్రసిద్ధమైన లీ–ఎన్‌ఫీల్డు. కలకత్తా సమీపంలోని ఇషాపూరులో ప్రభుత్వ రైఫిలు కర్మాగారం వెలసిన తరువాత అవి మనదేశంలోనే తయారైనవి. రైతు చేతిలోని తుపాకి ఆ సైనిక రైఫిలుకు తమ్ముడు. గడియ అదే, పోలిక అదే. తూటా మాత్రం వేరు.

ఎందుకు వేరు? ఇక్కడ భౌతికశాస్త్రం చాలదు, చరిత్ర కావాలి.

1857 తిరుగుబాటు పాలకుల మనస్సులో ఒక భయాన్ని నిలిపినది. లిట్టను ప్రభువు కాలంలో వచ్చిన 1878 ఆయుధాల చట్టం ప్రకారం భారతీయుడు లైసెన్సు లేక తుపాకి ఉంచుకోరాదు. ఐరోపావారికి ఆ నిర్బంధం లేదు. లైసెన్సుగల వేటగాని తుపాకిపై కూడ అనుమానం పోలేదు. సైన్యపు గిడ్డంగినుండి దొంగిలించిన తూటా అందులో పట్టితే? ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో .450 కొలతగల వేటరైఫిళ్లను ఈ కారణంతోనే నిషేధించారు. ఆ గుండ్లు పాత మార్టిని–హెన్రీ సైనిక తుపాకులకు పనికివస్తవని వారి శంక. ఏనుగు వేటకు బలమైన రైఫిళ్లు చేసే ఇంగ్లీషు కంపెనీలు వెంటనే .465, .470 అంటూ కొత్త కొలతలు కల్పించుకొన్నవి. జంతువు మారలేదు, తూటా మారినది!

సైనిక తూటా అయిన .303కు కూడ ఇదే గతి. దాని స్థానంలో బర్మింగ్‌హాములోని బి.ఎస్.ఏ. వంటి సంస్థలు ఆస్ట్రియా సైన్యపు మాన్లిఖరు తూటా కొలతను ఎన్నుకొని, లీ గడియతో రైఫిళ్లు చేసి ఇండియాకు పంపినవి. ఎనిమిది మిల్లీమీటర్ల ఆ కొలత అంగుళాలలోనికి మారితే .315. ఆస్ట్రియా తూటాలు బ్రిటిషు ఇండియా గిడ్డంగులలో ఉండవు కనుక దొంగిలించే ప్రశ్న లేదు. స్వాతంత్ర్యం తరువాత ఇషాపూరు కర్మాగారం ఈ కొలతనే కొనసాగించినది. 1878 చట్టం పోయి 1959 చట్టం వచ్చినా, నిషిద్ధ కొలత, అనిషిద్ధ కొలత అనే విభజన నిలిచినది.

ఇప్పుడు కొంచెం లెక్క వేద్దాం. విద్యార్థులు కాగితం తీసుకోవచ్చు. మాన్లిఖరు గుండు బరువు 15.8 గ్రాములు, గొట్టం విడిచేటప్పటి వేగం సెకనుకు సుమారు 620 మీటర్లు. బరువులో సగాన్ని వేగపు వర్గంతో హెచ్చిస్తే సుమారు 3,040 జౌళ్ల శక్తి వస్తుంది. నలభై కిలోల చెనక్కాయ మూట దాదాపు ఎనిమిది మీటర్ల ఎత్తునుండి పడితే ఎంతో, అంత. నిషిద్ధమైన .303 సైనిక గుండు 11.3 గ్రాములు, వేగం 744 మీటర్లు; శక్తి సుమారు 3,120 జౌళ్లు. తేడా నూటికి మూడు పాళ్లయినా లేదు! ఇక అమెరికా సైన్యపు .30–06 తూటా ఈ రెంటికన్న బలమైనది. అయినా మనదేశంలో అది అనిషిద్ధం. అనగా ఈ విభజన తుపాకి ఎంత ప్రమాదకరమో చెప్పదు. మన సైన్యపు తూటా అందులో పట్టునా, పట్టదా అనేదే చెబుతుంది. "నిషిద్ధం కానిది కాబట్టి చిన్న తుపాకి" అనుకొనేవారు ఈ లెక్కను మరొకసారి చూడాలి.

శక్తి సమానమైనా నడకలో భేదమున్నది. నిదానమైన .315 గుండు నూరు మీటర్ల దూరంలో, గాలి నిరోధాన్ని విడిచిపెట్టినా, 13 సెంటీమీటర్లు దిగుతుంది; .303 తొమ్మిదే. రెండువందల మీటర్ల వద్ద 51, 35. కాబట్టి దూరపు గురికి ఇది అనువైనది కాదు. పొదలలో ఏబది, అరువది మీటర్ల వద్ద బరువైన మొద్దుగుండు పని బాగానే చేస్తుంది. వేటకు మెత్తని మొన గల గుండు వాడతారు. పూర్తిగా లోహపు తొడుగున్న గుండు జంతువు శరీరంగుండా సూటిగా పోతే, అది గాయంతో పారిపోయి ఎక్కడో చస్తుంది. ఈ మెత్తని మొనను ప్రసిద్ధం చేసినది కూడ కలకత్తా దగ్గరి డమ్‌డమ్ ఆయుధశాలయే. 1899లో హేగ్ సమావేశం యుద్ధంలో దానిని నిషేధించినది. వేటలో మాత్రం దానినే దయగలదిగా ఎంచుతారు.

లీ గడియ మౌజరుదానికన్న తక్కువ త్రిప్పుతో, నునుపుగా నడుస్తుంది. దుమ్మును ఓర్చుకొంటుంది. వెనుక బిగుసుకొనడంవలన పెద్ద పీడనంలో అది కొద్దిగా సాగుతుందన్న మాట నిజమే గాని, .315 తూటాకు ఆ చిక్కు లేదు. నిజమైన చిక్కు తూటా అడుగు అంచుతో వస్తుంది. పెట్టెలో నింపేటప్పుడు పైతూటా అంచు క్రిందితూటా అంచుకు ముందుండాలి. వెనుకబడితే రెండూ పెనవేసుకొని గడియ కదలదు. ఎదురుగా గాయపడిన పంది ఉన్నపుడు ఈ పొరపాటు చిన్నదేమీ కాదు.

జిమ్ కార్బెట్టు చేతిలోని .275 రిగ్బీ మౌజరు గడియ గల ఖరీదైన తుపాకి. బెంగుళూరువాసి, మన నల్లమల ప్రాంతపు వేటలనుగూర్చి కూడ వ్రాసిన కెన్నెత్ ఆండర్సను గడియ తుపాకికే పోక, మీట త్రోసి నడిపే .405 వించెస్టరును నమ్ముకొన్నాడు. సామాన్య రైతుకు అవి అందేవి కావు. సైనిక రైఫిలు కొరకు ఏర్పడిన నమూనానే వాడుకొన్నందున ఇషాపూరు తుపాకి అతనికి అందినది. ఆ వెలకు అది గట్టి వస్తువు అనడానికి నాకు సంకోచం లేదు.

ఇంతవరకు చెప్పి నేను ఊరుకొని ఉంటే రైతు లైసెన్సు మార్పించుకొనేవాడే. కాని "పెట్టుకోవల్నా" అని గదా ఆయన అడిగినది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధిస్తున్నది. పంటను పాడుచేసే పందిని చంపాలన్నా, 11వ విభాగం క్రింద అధికారులు వ్రాతపూర్వకంగా అనుమతించాలి. అనుమతి దొరికినదే అనుకొందాం. గురి తప్పిన గుండు ఎక్కడికి పోతుంది? నాటుతుపాకి రవ్వలు కొద్ది దూరంలో శక్తి కోల్పోతవి. రైఫిలు గుండు రెండు కిలోమీటర్లకు మించి ఎగరగలదు. బండకు తగిలితే ఎటు తిరుగునో లెక్కకట్టడం ఎవరి తరమూ కాదు. ఆయన తండ్రి తుపాకి కొన్ననాడు చేను దాటితే చీకటి. ఈనాడు రాత్రి మూడవజాము పనికి పోయే కార్మికుల బస్సులున్నవి.

ఆ సాయంకాలం ఇద్దరం చేలోని మంచె ఎక్కాము. పంది ఎటునుండి వచ్చును, గుండు ఎటు పోవునని అడిగాను. ఆయన చేయి చాచి చూపుతూ పోయాడు. ఒకవైపు రహదారి దీపాలు, ఒకవైపు కొత్తగా లేచిన ఇండ్లు, ఇంకొకవైపు పొరుగువారి కావలి గుడిసె. గుట్టవైపు ఒక్కటే గుండును ఆపే మట్టికట్ట ఉన్నది.

"గుట్టకల్ల తిరిగి నిలబడమని పందినే బతిమాలుకోవల్ల సార్" అని నవ్వాడు.

ఆ తరువాత ఎన్నికలు వచ్చినవి. లైసెన్సుదారులందరివలెనే ఆయనకూడ తుపాకిని ఠాణాలో ఒప్పగించి రశీదు తీసుకొన్నాడు. ఎన్నికలు ముగిసి చాలా దినాలైనా దానిని తెచ్చుకోలేదని ఆయన కొడుకు నాతో చెప్పాడు. చేనిచుట్టూ పాత చీరలు కట్టి, రాత్రి డబ్బా వాయించడానికి ఒక మనిషిని పెట్టుకొన్నారట.