ఆ ఏడున్నర కిలోలు

2000 సెప్టెంబరు 19, సిడ్నీ. మహిళల 69 కిలోల వెయిట్‌లిఫ్టింగ్‌లో కరణం మల్లీశ్వరికి ఇంకొక్క లిఫ్ట్ మిగిలింది. స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, అప్పటికే మొత్తం 240 కిలోలు. ఇప్పుడు బార్ మీద పడింది 137.5. ఒకేసారి ఏడున్నర కిలోలు పెంచేశారు.

క్లీన్ అండ్ జెర్క్ రెండంచెల పని. బార్‌ను నేల మీంచి లాగి, గొంతుక్కూర్చుని, భుజాల మీద పట్టుకోవాలి. ఆ బరువుతోనే పైకి లేవాలి. నిలదొక్కుకుని, ఒక్క తోపుతో తలపైకి పంపాలి. ఆ రోజు ఆ బరువు తలపైకి చేరలేదు. కాంస్యం ఖాయమైంది.

ఇక లెక్క చూడండి. చైనా లిఫ్టర్ లిన్ వైనింగ్, హంగేరీ లిఫ్టర్ ఎర్జెబెట్ మార్కుష్ ఇద్దరూ ఎత్తింది 242.5 కిలోలే. ఒంటి బరువు తక్కువ కాబట్టి స్వర్ణం లిన్‌కు వెళ్లింది. మల్లీశ్వరి 135 అడిగి ఎత్తి ఉంటే మొత్తం 245 అయ్యేది. అంటే స్వర్ణమే! పాతికేళ్ల తర్వాత కుర్చీలో కూర్చుని కూడికలు చేయడం తేలికేననుకోండి. అయినా ఆ అంకె మనసులోంచి పోదు.

ఆమె పెరిగింది శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేటలో. నాన్న రైల్వే రక్షణ దళంలో కానిస్టేబుల్. అక్కకు శిక్షణ ఇస్తున్న కోచ్ నీలంశెట్టి అప్పన్న మొదట్లో ఈ బక్కపిల్లను చూసి పెదవి విరిచారని, తల్లి శ్యామలే పట్టుబట్టి ముందుకు తోసిందని చెబుతారు. గుండె మీద ఏనుగునెక్కించుకున్న కోడి రామ్మూర్తి నాయుడు పుట్టిన వీరఘట్టం కూడా ఉత్తరాంధ్రలోదే. బలమంటే ఆ నేలకు కొత్త కాదు. ఆడపిల్ల బరువులెత్తడమే కొత్త.

1994, 1995లలో 54 కిలోల విభాగంలో ఆమె ప్రపంచ విజేత. కానీ అప్పటికి ఒలింపిక్స్‌లో మహిళల వెయిట్‌లిఫ్టింగే లేదు. సిడ్నీలో తలుపు తెరుచుకునే నాటికి పాత విభాగాలు మారిపోయాయి. ఆమె 63కు, ఆపై 69కి వెళ్లింది. పైకి వెళ్లేకొద్దీ ఎదుటివాళ్లూ బలవంతులే.

ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమే. సిడ్నీలో మన దేశానికి దక్కిన పతకం కూడా అదొక్కటే. పత్రికలు 'ఉక్కు మహిళ' అన్నాయి. బలమైన ఆడమనిషి కనిపిస్తే చాలు, మన పత్రికలకు ఉక్కు తప్ప మరో మాట దొరకదు! 2004లో ఏథెన్స్‌కూ వెళ్లింది కానీ పతకం రాలేదు. హర్యానాలో స్థిరపడింది. 2021లో ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయానికి తొలి వైస్ చాన్సలర్ అయింది.

వెయిట్‌లిఫ్టింగ్ ఫలితాల పట్టీల్లో, ఎత్తలేకపోయిన అంకెను చెరిపేయరు. దాని మీద అడ్డగీత గీస్తారు. కింద 137.5 స్పష్టంగా కనిపిస్తూనే ఉంటుంది.