గోదావరి వరదవార్త: కొలబద్ద నుండి ఉపగ్రహము వరకు

గోదావరి పొంగుచున్నదని తెలిసినప్పుడు రాజమండ్రి పౌరుడు తన ఊరి రేవులోని నీటిని చూచుటకు ముందే ఒక ప్రశ్న వేయును: “భద్రాచలములో ఎన్ని అడుగులున్నది?” ఈ చిన్న ప్రశ్నలో చాల విజ్ఞానము ఇమిడియున్నది. భద్రాచలమును దాటిన వరద శిఖరము ధవళేశ్వరము చేరుటకు సుమారు ఒక పగలు, ఒక రాత్రి పట్టును. అచ్చటి మట్టము వెంటనే తెలిసినచో దిగువనున్న నగరమునకు ఒక దినము చేతికి చిక్కినట్లే. తెలియనిచో నీరే ఆ వార్తను మోసికొని వచ్చును. వార్తను నీటికంటె ముందు నడిపించుటకు డెల్టా ప్రాంతమున చిరకాలముగా ప్రయత్నము జరుగుచున్నది. నేడు దానికి డిజిటల్ విధానమను క్రొత్త పేరు వచ్చినది గాని, పని పాతదే.

గోదావరి పొడవు 1,465 కిలోమీటర్లు. దాని పరీవాహక ప్రదేశము 3,12,812 చదరపు కిలోమీటర్లు. నది నాసిక్ సమీపమున పుట్టినను, రాజమండ్రిని భయపెట్టు పెద్ద వరదలకు ముఖ్య కారణము ఆ నాసిక్ నీరు కాదు. ప్రాణహిత, ఇంద్రావతి, శబరి అను ఉపనదులు మధ్య భారతమునందలి అడవుల వాననీటిని తెచ్చి పోయును. వీనిలో శబరి భద్రాచలమునకు దిగువన, కూనవరమువద్ద కలియును. కావున భద్రాచలము సంఖ్య ఒక్కటే చాలదు. శబరిపై కుంటలో మట్టమెంత అనునదికూడ తెలియవలెను. ఆ తరువాత నది పాపికొండల ఇరుకులో దూరి, పోలవరమువద్ద మైదానమున బయటపడును. అచ్చటినుండి రాజమండ్రి, ధవళేశ్వరము దగ్గరలోనే ఉన్నవి.

ఉపాధ్యాయులు తరగతిలో చెప్పదగిన విశేషమొకటి ఇచ్చట కలదు. వరద శిఖరపు వేగము, నీటి వేగము ఒకటి కావు. నీటిబిందువు నదితో పాటు సాగిపోవును. శిఖరము అలవలె ఆ నీటిమీదుగా ముందుకు పోవును. వెడల్పైన నదిలో శిఖరపు వేగము నీటి సగటు వేగమునకు సుమారు ఒకటి మూడింట రెండు రెట్లుండునని సిద్ధాంతము చెప్పును. అయితే వరద గట్లు పొరలి లంకలమీద పరచుకొన్నచో శిఖరము మందగించి, చదునగును. అందువలన కేవలము దూరమును వేగముచే భాగించి ‘ఇన్ని గంటలకు వచ్చును’ అని చెప్పుట సాధ్యము కాదు. పాత వరదల అనుభవము కావలెను. అనుభవమనగా ఇచ్చట వ్రాసి దాచిన అంకెలని అర్థము.

ఆ అంకెలకు స్థిరమైన ఆధారము ధవళేశ్వరము ఆనకట్టతో ఏర్పడినది. ఆర్థర్ కాటన్ పర్యవేక్షణమున దాని నిర్మాణము 1847లో ఆరంభమై 1852లో ముగిసినది. ఆనకట్ట పొలములకు నీరిచ్చినదని అందరు ఎరుగుదురు. అది ఒక కొలత సాధనము కూడ అను సంగతి అంతగా ప్రచారములో లేదు. స్థిరమైన గోడమీదుగా పొరలు నీటి లోతును బట్టి ప్రవాహమెంతో లెక్కింపవచ్చును. లోతు రెట్టింపైనచో ప్రవాహము రెట్టింపుతో ఆగదు, సుమారు 2.8 రెట్లగును. గోడకు దిగువన కూడ నీరు బాగుగా పెరిగినప్పుడు మాత్రము ఈ సూత్రమును సవరింపవలెను. ఏమైనను, రాతిమీద గీచిన అడుగుల గీతలను చదివిన మనుష్యుడు నదిలో ఎంత నీరు పోవుచున్నదో చెప్పగలిగెను. 1982 నాటికి పాత ఆనకట్టకు బదులు 175 తలుపుల బ్యారేజి సిద్ధమై కాటన్ పేరు ధరించినది.

కొలిచిన సంఖ్యను దూరమునకు పంపుట వేరొక సమస్య. గుఱ్ఱపు రౌతు వరదకంటె ముందు పోవుట ఎల్లప్పుడు సాధ్యము కాదు. మన దేశమున 1851లో కలకత్తా, డైమండ్ హార్బరుల నడుమ ఓషానెస్సీ నెలకొల్పిన తంతి 1855లో సామాన్య ప్రజలకు అందుబాటులోనికి వచ్చినది. క్రమముగా వ్యాపించిన మోర్సు తంతి పద్ధతిలో గుర్తులు రెండే: చుక్క, గీత. రెండు గుర్తులతో సమస్త విషయమును వ్రాయుటయే నేటి కంప్యూటరు పద్ధతికి కూడ మూలము. ఆ మాటకు వచ్చినచో, డిజిటల్ యుగము మన తంతి కార్యాలయపు బల్లమీదనే మొదలైనదని చెప్పవచ్చును. తంతికి లోపములు లేకపోలేదు. గాలివానకు స్తంభము కూలినచో, వార్త అత్యవసరమైన రాత్రియే అది మూగవోవును. మన దేశమున టెలిగ్రాం సేవ 2013 జూలైలో ముగిసినది.

1953 ఆగష్టులో గోదావరికి మహా వరద వచ్చినది. ఆంధ్ర రాష్ట్రము అవతరించుటకు అప్పటికి రెండు నెలలైన లేదు. అటుపిమ్మట 1958లో ఢిల్లీవద్ద యమునానదిపై కేంద్ర జలసంఘము వరద సూచనలను ఆరంభించెను. ఆ పద్ధతి తరువాతి దశాబ్దములలో గోదావరి మొదలగు నదులకు విస్తరించినది. ఎగువ కేంద్రమునందలి మట్టమును, దిగువ కేంద్రమునందలి మట్టమును గతవరదలనుండి తీసికొని గ్రాఫు కాగితముపై గుర్తించి ఒక వక్రరేఖ గీయుదురు. క్రొత్త వరదలో ఎగువ అంకె రాగానే ఆ రేఖనుబట్టి దిగువ మట్టమును అంచనా వేయుదురు. వార్తను నిస్తంతి యంత్రము మోయును. వానలో గొడుగు పట్టుకొని, రాత్రివేళ దీపముతో రేవు మెట్లు దిగి మట్టము చదివిన ఉద్యోగి ఈ ఏర్పాటునకంతకు పునాది.

1986 ఆగష్టు 16న భద్రాచలములో నీరు 75.6 అడుగులకు చేరినది. అచ్చట మూడవ హెచ్చరిక 53 అడుగులకే ఇత్తురని గుర్తుంచుకొన్నచో ఆ వరద ఎట్టిదో తెలియును. ధవళేశ్వరమువద్ద ప్రవాహము 35 లక్షల క్యూసెక్కులు దాటినది. అనగా సెకనునకు దాదాపు 99 వేల ఘనపు మీటర్లు. గట్లు తెగి కోనసీమ ఊళ్లు మునిగినవి. ధవళేశ్వరములో హెచ్చరికల మట్టములు 11.75, 13.75, 17.75 అడుగులు, వీనికి సరియగు ప్రవాహములు 10, 13, 17 లక్షల క్యూసెక్కులు. ఆ సంవత్సరపు వరద చివరి హెచ్చరికకు రెట్టింపును మించినది. గీచియుంచిన వక్రరేఖ కొసను దాటిపోయిన నీటిని గూర్చి గత అనుభవము ఏమి చెప్పగలదు? గణిత నమూనాల అవసరము ఇట్టి సందర్భముననే స్పష్టమగును. నది అడ్డుకోతలు, వాలు, గరుకుదనము, ఎగువ వానలు తెలిసినచో, ఎన్నడును చూడని వరదను సైతము కంప్యూటరు లెక్కింపగలదు. ఇచ్చిన అంకెలు తప్పైనచో ఫలితము కూడ తప్పే అగును.

ఇక నేటి కొలబద్ద సంగతి. వంతెననుండి నీటివైపు సూక్ష్మతరంగమును పంపి, అది తిరిగివచ్చు కాలమును కొలుచు పరికరములున్నవి. నీరు 15 మీటర్ల క్రిందనున్నచో తరంగము పోయి వచ్చు దూరము 30 మీటర్లు. పట్టు కాలము సెకనులో కోటవ వంతు. ఆ కాలమునుబట్టి మట్టము తేలును. మట్టము 11.75 అడుగులనుకొనుడు. దానిని 1175 అను పూర్ణసంఖ్యగా తీసికొని రెండు అంకెల పద్ధతిలో వ్రాసినచో 10010010111 అగును. విద్యార్థులు 1024, 128, 16, 4, 2, 1 కూడి సరిచూచుకొనవచ్చును. ఇందు ఒకట్లు ఆరు, అనగా సరిసంఖ్య. బేసియైనచో చివర ఇంకొక ఒకటి, సరియైనచో సున్న చేర్చి పంపుట ఒక నియమము. దారిలో ఒక గుర్తు మారినచో ఒకట్ల సంఖ్య బేసియగును; అందుకొన్న యంత్రము పొరపాటును వెంటనే పట్టును. 7ను 1గా పొరబడిన తంతి గుమాస్తాను పట్టుకొనుటకు ఇంత సులభమైన ఉపాయము లేకుండెను.

ఈ సంఖ్య ఆకాశమార్గమున పోవుటకు ఉపగ్రహము తోడ్పడును. 1983లో ప్రయోగింపబడిన ఇన్‌శాట్–1బిలో, దూరప్రాంతపు స్వయంచాలక పరికరముల కొలతలను అందుకొని క్రిందికి పంపు ఏర్పాటు ఉండెను. సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తునకు పోయి తిరిగివచ్చుటకు సంకేతమునకు పావు సెకను పట్టును. గాలివానకు కూలుటకు అచ్చట స్తంభము లేదు. నది ఒడ్డున మాత్రము బ్యాటరీ నీరసించును, పరికరమునకు ఒండ్రు పట్టును, పురుగులు గూడు కట్టును. అందుచేత రంగు వేసిన పాత కొలబద్దను, దానిని చదువు మనుష్యుని తొలగింపలేదు; తొలగింపరాదు కూడ.

2006 ఆగష్టులో ధవళేశ్వరమువద్ద ప్రవాహము 28 లక్షల క్యూసెక్కులు దాటి గట్టు తెగినది. 2022 జూలై 16న భద్రాచలములో 71.3 అడుగులు నమోదుకాగా, ధవళేశ్వరమువద్ద ప్రవాహము 25 లక్షలకు పైబడినది. అట్టి సమయమున నగరమునకు ఒక దినపు వ్యవధి ఎందుకు? నదిలోనికి తెరచుకొను మురుగుకాలువ నోళ్లను, నదీమట్టము పెరుగకముందే మూయవలెను. లేనిచో నదియే వీధిలోనికి ఎదురెక్కును. మూసిన పిమ్మట ఊరిమీద వాన కురిసినచో ఆ నీటిని పంపులతో ఎత్తిపోయవలెను. త్రాగునీటి పంపుగదులను కాపాడుకొనవలెను. కాకినాడ 2016 జనవరిలో ప్రకటించిన మొదటి 20 స్మార్ట్ నగరములలో ఒకటి. అట్టి నగరములలో ఒకేచోట కూర్చుండి ఊరినంతయు గమనించు కేంద్రములను నెలకొల్పిరి. వీధి మూలలందలి కెమెరాలకంటె కాలువలలోని మట్టమును తెలుపు చౌక పరికరమే డెల్టా పట్టణమునకు ఎక్కువ ఉపకారి.

వేసవిలో కథ తిరుగబడును. అప్పుడు ప్రశ్న నీరెంత ఎక్కువ అని కాదు, ఎంత తక్కువ అని. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల కాలువలకు దాళ్వా పంటకు వంతులవారీగా నీరిచ్చునప్పుడు, ఊళ్ల మంచినీటి చెరువులు కూడ ఆ కాలువలనుండియే నిండవలెను. శివారు రైతునకు నీరు చేరలేదను తగవు, తలుపువద్ద కొలిచిన అంకె అందరికి కనబడినచో కొంత తగ్గును.

నగరమున వార్త అందుట తేలిక. లంకలలో అట్లు కాదు. వరద పెరిగినచో కనకాయలంక కాజ్‌వే మునుగును. పిదప పడవయే శరణ్యము. పశువులను గట్టునకు చేర్చుటకు గంట చాలదు. పూర్వము దండోరా వేయించెడివారు. 2023లో మన దేశమున పరీక్షించిన సెల్ ప్రసార హెచ్చరిక పద్ధతి దండోరావంటిదే: ఎవరి నంబరును తెలియనక్కరలేకుండ, ఒక టవరు పరిధిలోని ఫోనులన్నింటికి ఒకేసారి సందేశము పోవును. ఛార్జింగు లేని ఫోనునకు మాత్రము అదియు వినబడదు.

ఇప్పుడు క్రొత్త లెక్క ఒకటి వచ్చిపడినది. 2021 జూన్ నుండి గోదావరి పోలవరము స్పిల్‌వే మీదుగా పారుచున్నది. దానికి 48 తలుపులు. భద్రాచలము, ధవళేశ్వరముల నడుమ వెనుకటి వరదలనుబట్టి గీచిన రేఖలు స్వేచ్ఛగా పారిన నదికి చెందినవి. ఇకమీదట తలుపులెన్ని, ఎంత ఎత్తునకు, ఏ వేళ తెరచిరో ఆ సంఖ్యలు కూడ కూనవరము, కుంట, భద్రాచలముల సంఖ్యలతో పాటు ధవళేశ్వరమునకు ముందుగా చేరవలెను. క్రొత్త రేఖలకు కావలసిన చుక్కలు ఏటికి కొన్ని చొప్పున ఇప్పుడిప్పుడే పడుచున్నవి.