ఆకారం లేని ప్రొటీన్ల కథ

ప్రొటీన్ అంటే అమైనో ఆమ్లాల గొలుసు. అది ముడుచుకుని ఒక నిర్దిష్టమైన ఆకారం పొందుతుందని, ఆ ఆకారమే దాని పనిని నిర్ణయిస్తుందని చదువుకుంటాం. ఈ భావన ఎలా బలపడిందో, ఎక్కడ సడలిందో చూద్దాం.

1894లో ఎమిల్ ఫిషర్ ఎంజైముకు, అది పనిచేసే పదార్థానికి మధ్య సంబంధాన్ని తాళం, తాళంచెవులతో పోల్చాడు. 1958లో కేండ్రూ బృందం ఎక్స్-కిరణాలతో మయోగ్లోబిన్ ఆకారాన్ని కనుగొంది. 1963లో మద్రాసులో జి.ఎన్. రామచంద్రన్, ఆయన సహచరులు ఆ గొలుసు ఏయే కోణాల్లో తిరగగలదో లెక్కకట్టారు.

అయితే ఎక్స్-కిరణ చిత్రాల్లో కొన్ని భాగాలు అసలు కనిపించేవి కావు. ఆ ఖాళీలను చాలాకాలం ఎవరూ అంతగా పట్టించుకోలేదు. వాటిలో చాలావరకు నిలకడలేని భాగాలేనని, అలా ఉంటూనే పనిచేస్తాయని 1990లలో స్పష్టమైంది. బీరపాదు నులితీగ గాలిలో ఊగుతూ, పందిరి తగలగానే చుట్టుకుంటుంది కదా! వీటిలో కొన్ని కూడా అంతే. మరో అణువు తగిలినప్పుడే ఆకారం దాలుస్తాయి.

ఇలాంటి భాగాలను జీనోమ్ మొత్తంలో వెతకడం ఎలా? వీటిలో సాధారణంగా నీటికి దూరంగా జరిగే అమైనో ఆమ్లాలు తక్కువ, విద్యుదావేశం గలవి ఎక్కువ. కాబట్టి అమైనో ఆమ్లాల వరుసను చూసి కంప్యూటర్ అంచనా వేయగలదు. 2004లో లండన్ పరిశోధకులు 30కి మించిన అమైనో ఆమ్లాల పొడవుగల క్రమరహిత భాగాలను లెక్కించారు. అవి ఆర్కియా ప్రొటీన్లలో 2 శాతం, బ్యాక్టీరియా ప్రొటీన్లలో 4 శాతం, కేంద్రకం గల జీవుల ప్రొటీన్లలో 33 శాతం వాటిలో ఉన్నట్టు అంచనా. సంకేతాలు అందించే ప్రొటీన్లలో, జన్యువులను నియంత్రించే ప్రొటీన్లలో ఇవి ఎక్కువ.

ఢిల్లీలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ జీనోమిక్స్ అండ్ ఇంటిగ్రేటివ్ బయాలజీ కూడా ఈ దారిలో నడిచింది.  2009లో అక్కడి పరిశోధకులు క్షయ బ్యాక్టీరియాలోని క్రమరహిత ప్రొటీన్లు మందులకు లక్ష్యాలు కాగలవా అని పరిశీలించారు. మామూలుగా మందు అణువు ప్రొటీన్‌లోని గుంటలో ఇమిడేలా రూపొందుతుంది. స్థిరమైన గుంటే లేనిచోట, ఆ ప్రొటీన్ మరొకదానితో జతకట్టకుండా అడ్డుకోవాలి. మందులకు లొంగని క్షయ ఉన్న మన దేశంలో ఇది పుస్తకాలకే పరిమితమైన ప్రశ్న కాదు.

అంచనా ఎన్నడూ రుజువు కాదు, ప్రయోగశాలలో తేలాల్సిందే. ఇకపై ప్రొటీన్ బొమ్మలో ఎక్కడైనా చుక్కల గీత కనిపిస్తే దాటిపోకండి. చిత్రానికి అందని ఆ భాగానికీ ఒక పని ఉండవచ్చు.