గబర్ సింగ్ నేగీ

గబర్ సింగ్ నేగీ (1895 ఏప్రిల్ 21 – 1915 మార్చి 10) మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ ఇండియా సైన్యం తరఫున ఫ్రాన్స్‌లో పోరాడి మరణించిన గఢ్వాలీ సిపాయి. మరణానంతరం విక్టోరియా క్రాస్ పొందాడు. ఈ పేరు వినగానే మనకు షోలే దొంగో, పవన్ కల్యాణ్ సినిమాలోని పోలీసో గుర్తుకొస్తారు గానీ, ఈ గబర్ సింగ్ ఇరవయ్యేళ్లు నిండకుండానే పోయిన పల్లెటూరి కుర్రవాడు.

ఇప్పటి ఉత్తరాఖండ్‌లో చంబా దగ్గరి మంజూడ్ అతని ఊరు. (ఈ చంబా వేరు, హిమాచల్ ప్రదేశ్‌లోని చంబా వేరు.) అప్పట్లో అది టెహ్రీ సంస్థానంలో ఉండేది. కొండవాలున మెట్లు మెట్లుగా చెక్కుకున్న చేల మీదే బతికే ఆ ప్రాంతంలో పల్టన్ జీతానికి విలువెక్కువ. గబర్ సింగ్ 1913 అక్టోబరులో 39వ గఢ్వాల్ రైఫిల్స్ రెండో బెటాలియన్‌లో చేరాడు. ఏడాది తిరిగేసరికి మీరట్ డివిజన్‌తో పాటు మార్సెయ్ రేవులో దిగాడు. ఆ నవంబరులో చూపిన సాహసానికే మొదటి బెటాలియన్‌కు చెందిన దర్వాన్ సింగ్ నేగీకి విక్టోరియా క్రాస్ వచ్చింది. ఆయన ప్రాణాలతో ఇంటికి చేరాడు.

1915 మార్చి 10 ఉదయం న్యూవ్ షాపెల్ అనే ఊరి ముందున్న జర్మన్ కందకాల మీద బ్రిటిష్ ఫిరంగులు 35 నిమిషాల పాటు గుండ్లు కురిపించాయి. 8 గంటల 5 నిమిషాలకు పదాతి దళం కదిలింది. దాడిలో దక్షిణపు వైపు గఢ్వాల్ బ్రిగేడ్‌ది. మొదటి బెటాలియన్ దారి తప్పి కుడికి ఒరిగి, ఫిరంగి దెబ్బ తగలని ముళ్లకంచె మీద పడి చాలామందిని పోగొట్టుకుంది. రెండో బెటాలియన్ మాత్రం కందకంలోకి దిగగలిగింది.

దిగాక జరిగిన పోరాటం అర్థం కావాలంటే కందకం కట్టుబడి తెలియాలి. అది తిన్నని కాలువ కాదు. ఒక గుండు పేలితే వరసంతా చావకుండా, ఒక చివరి నుంచి కాల్చినా తూటా రెండో చివరికి పోకుండా కొన్ని గజాలకొకచోట మట్టిదిమ్మె అడ్డం పెట్టి మలుపు తిప్పుతారు. మలుపు అవతల ఎవరున్నారో, ఎందరున్నారో ఇవతలివాడికి కనపడదు. ముందు బాంబు విసరాలి, పేలీ పేలగానే బాయ్‌నెట్ ముందుకు చాచి ఒకడు మలుపు తిరగాలి. ఆ రోజుల్లో సైన్యం దగ్గర తగినన్ని చేతి బాంబులు కూడా లేవు. జామ్ డబ్బాల్లో పేలుడు మందు కూరి వాడుకునేవారు. అలాంటి బాయ్‌నెట్, బాంబుల దళంలో ప్రతి మలుపూ మొదట తిరిగినవాడు గబర్ సింగ్ అని పతక ప్రకటన చెబుతోంది. ఒక్క మలుపు కాదు, ప్రతి మలుపూ. శత్రువులు వెనక్కి వెనక్కి జరిగి చివరికి లొంగిపోయారు. ఆ పోరులోనే అతను చనిపోయాడు. దళ నాయకుడు కూలిపోయాక గబర్ సింగే ముందుండి నడిపించాడని తర్వాతి కథనాలు అంటాయి. ప్రకటనలో ఆ మాట లేదు. లేకపోయినా అతని సాహసానికి వచ్చిన లోటేమీ లేదు.

ఊరు చిక్కినా యుద్ధం ముందుకు సాగలేదు. మార్చి 13న దాడి ఆగేసరికి ఇండియన్ కోర్‌లో చనిపోయినవారూ గాయపడినవారూ కలిపి 4,000 మందికి పైనే. నష్టపోయిన రెండు గఢ్వాల్ బెటాలియన్లనూ కొంతకాలం ఒకటిగా కలిపేయవలసి వచ్చింది.

విక్టోరియా క్రాస్ ప్రకటన ఏప్రిల్ 28న లండన్ గెజెట్‌లో వెలువడింది. అతను బతికి ఉంటే ఇరవయ్యేళ్లు నిండి అప్పటికి వారమయ్యేది. ఆ గెజెట్‌లో పేరును ‘గోబర్ సింగ్’ అని అచ్చువేశారు. హిందీలో గోబర్ అంటే పేడ. గుమాస్తాల చెవికి ఆ తేడా తట్టి ఉండదు.

అతనికి సమాధి లేదు. న్యూవ్ షాపెల్‌లో హర్బర్ట్ బేకర్ రూపకల్పనతో 1927లో ప్రారంభమైన భారతీయ స్మారకం మీద, సమాధి ఎక్కడో తెలియని 4,700 మందికి పైగా భారతీయుల పేర్లతో పాటు అతని పేరూ ఉంది. 2015 ఏప్రిల్‌లో ప్రధాని నరేంద్ర మోదీ ఆ స్మారకం దగ్గర నివాళి అర్పించాడు.

చంబాలో 1925లో స్మారకం కట్టారు. 1971లో దాని బాధ్యతను గఢ్వాల్ రైఫిల్స్ రెజిమెంటు తీసుకుంది. ఏటా ఏప్రిల్‌లో, అతని పుట్టినరోజు వేళకు, అక్కడ జాతర జరుగుతుంది. సైనికులు వందనం చేస్తారు, చుట్టుపక్కల కొండపల్లెల జనం దిగివస్తారు.